అబూ హైసమ్ నేర్పని పని

నలభై ప్రశ్నలు, ఒక్కోదానికి అయిదు మార్కులు. ఆరేళ్లుగా ఇదే నా బతుకుతెరువు. ఒక కట్టుబడి కంపెనీలో ఒకరికి తెలిసిన పని పక్కవాళ్లకి చేరుతోందా, లేక ఎవరి తలలో ఉన్నది వాళ్ల తలలోనే ఉండిపోతోందా అని అడిగి, మార్కులు వేసి, నివేదిక రాసి ఇస్తాను. పెద్ద పనులకు పోటీపడే కంపెనీలకు ఇప్పుడు ఆ నివేదిక కావాలి. మా అమ్మకు మాత్రం ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు. "అంటే నువ్వు ఇల్లు కట్టవు. కట్టేవాళ్లు మాట్లాడుకుంటున్నారో లేదో చూసొస్తావు. దీనికి ఇంజనీరింగ్ చదవాలా రుబా?" అంటుంది.

ఆ జనవరిలో నేను వెళ్లింది నా పాత కంపెనీకి. డైరెక్టర్ వాసిఫ్ గారు రెండుసార్లు కబురు పెడితే తీరిక లేదన్నాను. మూడోసారి ఆయనే ఫోన్ చేసి, "మన పిల్లవి నువ్వుండగా పరాయివాళ్లెందుకమ్మా" అన్నారు. సరే అన్నాను. తొమ్మిదేళ్ల కిందట ఆ కంపెనీలో జాబిర్ అనే సెంట్రింగ్ పనివాడు చనిపోయాడు. అతను ఎలా చనిపోయాడో కాగితం మీద ఒకలా ఉంది, జరిగింది ఇంకోలా. జరిగినది పూర్తిగా తెలిసినవాళ్లం ముగ్గురం. అందులో ఒకరు ఇప్పుడు మట్టిలో ఉన్నారు. మిగిలింది వాసిఫ్ గారూ, నేనూ. ఆ సంగతి ఇంకా ఎవరి నోటనైనా నానుతోందేమో చూద్దామని వెళ్లాను. నానకూడదని కోరుకుంటూ వెళ్లాను. సిగ్గుచేటైనా నిజం అదే.

సైట్ అమ్మాన్ నగరం అంచున, తబర్‌బోర్ వాలులో ఉంది. నాలుగంతస్తుల ఇళ్లు, కొన్ని మూడో అంతస్తు దాకా, చివరిది మొదటి అంతస్తు దాకా లేచాయి. రేకుల ఆఫీసులో గ్యాస్ హీటర్ చుట్టూ కూర్చోబెట్టి పద్దెనిమిది మంది చేత ప్రశ్నలు నింపించాను. రాయడం రానివాళ్లకి నేనే చదివి, వాళ్లు చెప్పింది రాశాను. పన్నెండో ప్రశ్న ఇది: పనిలో సందేహం వస్తే మొదట ఎవరిని అడుగుతారు? మధ్యాహ్నం కాగితాలు పేర్చి చూసుకుంటే పద్దెనిమిదింటిలోనూ ఒకే పేరు. అబూ హైసమ్.

కాగితాలు మళ్లీ మొదటి నుంచి తిప్పాను. అబూ హైసమ్ ముప్పై ఏళ్లు ఈ కంపెనీకి పెద్ద మేస్త్రీ. ఆయన పోయి రెండేళ్లయింది. జనాజా నమాజుకి నేను వెళ్లలేదు, మొహం చెల్లక.

సైట్ ఇంజనీరు మాహిర్‌ని పిలిచి అడిగాను. నెమ్మదైన మనిషి, ఏం చెప్పాలన్నా ముందు కళ్లజోడు తుడుచుకుంటాడు.

"మేస్త్రీ లేడు కదా, మరి ఆయన్ని అడగడమేంటి?"

"లేడంటే లేడు మేడమ్. కానీ ఉన్నాడు." కళ్లజోడు తుడిచాడు. "ఆయనకి రాయడం రాదుగా, ఏది చెప్పాలన్నా పనివాళ్ల ఫోన్ గ్రూపులో గొంతు రికార్డు చేసి వదిలేవాడు. నాలుగు వందల పైన ఉన్నాయి. మెట్లకొకటి, స్తంభాలకొకటి, వాన పడితే ఏం చేయాలో ఒకటి. ఎవడికి ఏది కావాలంటే అది తీసి వింటాడు. దీనికి మీ కాగితంలో మార్కులుంటాయా?"

"ఉంటాయి. చాలా ఉంటాయి," అన్నాను.

మాహిర్ చెప్పింది అబద్ధం కాదు. ఆ రోజంతా ఆ కట్టడంలో చనిపోయిన మనిషి మాట్లాడుతూనే ఉన్నాడు. ప్రతి మాటకీ ముందు ఒక దగ్గు. ఎన్ని సిగరెట్లు కాల్చాడో చెప్పే దగ్గు. మెట్ల కింద నుంచి, "నీళ్లు తగ్గించండ్రా, అది కాంక్రీటు, పప్పు సూపు కాదు." పైనుంచి, "ఆ తాడు ఎవడు కట్టాడు? వాడి పెళ్లికి చొక్కా గుండీలు కూడా నేనే పెట్టాలేమో." కింద ఎవరో నవ్వారు. బతికున్న మేస్త్రీ వేళాకోళానికి నవ్వినట్టే నవ్వారు. ఆఫీసులో మేకుకి ఆయన తోలుకోటు ఇంకా వేలాడుతోంది. పొద్దున టీ పోసినప్పుడు వాసనకి మరమియా ఆకు వేసిన గ్లాసు ఒకటి ఆయనకని మెట్ల చివర పెడుతున్నారు. అది చల్లారాక ఎవరూ తాగరు, పారబోస్తారు. నాకు ఆ గ్లాసు వైపు చూడబుద్ధి కాలేదు.

ఇప్పటి మేస్త్రీ ఖలఫ్ నాతో మాట్లాడటానికి చేతులు కడుక్కుని వచ్చాడు. నలభై ఏళ్లుంటాయి, ఈజిప్టు మనిషి, మెడకి ఉన్ని శాలువా.

"మీరు రుబా ఇంజనీరమ్మే కదా? నాకు తెలుసు. మా అన్న చెప్పేవాడు."

"ఎవరు మీ అన్న?"

"జాబిర్."

నేను పెన్ను మూత పెట్టాను. మళ్లీ తీశాను.

"ఊరికి ఫోన్ చేసినప్పుడల్లా మీ మాటే," అన్నాడు ఖలఫ్ సంబరంగా. "ఒక ఆడపిల్ల ఇంజనీరు ఉందిరా, నిచ్చెన ఎక్కితే కళ్లు మూసుకుంటది, అయినా ఎక్కుద్ది అనేవాడు. ఇప్పుడూ మూసుకుంటారా?"

"ఇప్పుడు నిచ్చెనలు ఎక్కను."

"మంచి పని చేశారు. మా అన్నే, పాపం, తొందర మనిషి. ఎవర్నీ అడక్కుండా స్లాబుని మోసే జాకీలు పీకేశాడంట. కాయితంలో అట్టానే ఉంది. మా అమ్మ చచ్చేదాకా వాణ్ణి తిట్టింది. ఏడుస్తా తిట్టేది. 'ఒక్క మాట అడిగితే నీ సొమ్మేం పోయిందిరా' అని వాడి ఫొటోతో పోట్లాడేది."

ఆ కాగితం చివర ఉన్న సంతకం ఎవరిదో అతనికి తెలియదు. నేను తల వంచుకుని ముప్పై ఒకటో ప్రశ్న చదివాను: గతంలో జరిగిన ప్రమాదాల నుంచి నేర్చుకున్నది మీకు ఎలా తెలియజేస్తారు?

"ప్రమాదాలు లేవని రాసుకోండి. వాసిఫ్ గారు అట్టానే రాయమన్నారు. మా అన్నది ప్రమాదం కింద రాదుగా. వాడి తప్పు."

రాసుకున్నాను. రాయగలిగాను కూడా.

తర్వాత పని చూపిస్తానని నన్ను చివరి ఇంటి ముందువైపుకి తీసుకెళ్లాడు. అక్కడ గుమ్మానికి పైన మొదటి అంతస్తు బాల్కనీ ఉంది, గోడ నుంచి రెండు మీటర్లు బయటికి, ఇంటి వెడల్పంతా. కింద వరసగా ఇనుప జాకీలు. తడి ఆరని కాంక్రీటు వాసన. స్లాబు పోసి అయిదు రోజులైందట.

"ఎల్లుండి విప్పేస్తున్నాం," అన్నాడు ఖలఫ్. "ఏడో రోజు."

"బాల్కనీకి ఏడు రోజులేంటి మేస్త్రీ? ఈ చలిలో?"

"అబూ హైసమ్ మాట ఉంది." ఫోన్ తీశాడు. "అసలు సంగతి చెప్తా వినండి. మా అన్న పోయిన ఏడాదికి నేనొచ్చా. ఆ ముసలాయన నన్ను సొంత కొడుకులాగా పక్కన పెట్టుకున్నాడు. ఎందుకో తెలీదు, అంతమందిలో నన్నే. ఆరేళ్లు అన్నీ నేర్పాడు. మెట్లు, తోరణాలు, మసీదు గుమ్మటం కూడా. ఒక్క బాల్కనీలే నేర్పలా. బాల్కనీ పనొస్తే వేరే గుంపుకి ఇచ్చేసి, ఆ రోజు సైటుకే రాడు. అదేంది మేస్త్రీ అంటే, 'నాకు పడవురా అవి' అనేవాడు. ఇది నా మొదటి బాల్కనీ. అదృష్టం బాగుండి ఈ ఒక్క మెసేజ్ నా దగ్గరుంది."

వేలితో నొక్కాడు. దగ్గు వినిపించింది.

"వినండ్రా. ఇవాళ ఏడో రోజు. బాల్కనీ జాకీలు తీసేయండి. ఏం కాదు. పూచీ నాది."

తర్వాత గాలి హోరు. ఒక ఆడపిల్ల నవ్వు. "ఏడు చాలా మేస్త్రీ? సరేలెండి, మీరన్నాక ఇంకేముంది, సంతకం పెట్టేస్తా."

ఇంకొంచెం దూరం నుంచి ఒక మగ గొంతు: "ఇంజనీరమ్మా, కిందకి రామాకండి. దుమ్ము పడుద్ది."

అక్కడితో ఆగిపోయింది.

"ఆ చివరిది మా అన్న," అన్నాడు ఖలఫ్. "వాడి గొంతు మాకు ఇంకెక్కడా మిగల్లా. ఇక్కడికొచ్చిన కొత్తలో, మా అన్నది ఏదన్నా ఉంటే ఇవ్వండయ్యా అని అందర్నీ అడిగితే ఒకడు ఇది పంపాడు. ఏ సైటుదో, ఎప్పటిదో వాడికీ తెలీదు. రోజూ పొద్దున ఒకసారి వింటా. మా అమ్మకి కూడా ఫోన్లో వినిపించేవాణ్ణి." నా వైపు తిరిగాడు. "ఆ నవ్వింది మీరే కదా? ఏ సైటమ్మా అది?"

నాకు తెలుసు. ఏ సైటో, ఏ తేదీయో, ఆ గాలి ఏ వైపు నుంచి వీచిందో కూడా తెలుసు.

"గుర్తులేదు," అన్నాను.

అది ఇదే నగరంలో, మర్కాలో. డిసెంబరు పద్నాలుగు. మంచు కురిసేలోపు ఇంట్లోకి దిగాలని యజమాని వెంటపడుతున్నాడు. నాకప్పుడు ఇరవై ఏడేళ్లు, ఉద్యోగంలో రెండో ఏడు. సెంట్రింగ్ విప్పాలంటే ఇంజనీరు అనుమతి కాగితం మీద సంతకం పెట్టాలి. బాల్కనీకి ఏడు రోజులు చాలవని నేను చదువుకున్నాను. కానీ ఇరవై ఏళ్లకు పైగా అనుభవమున్న మేస్త్రీ పూచీ నాదంటుంటే, నిన్నగాక మొన్న వచ్చిన పిల్లని, పుస్తకం తీసి చూపిస్తే నవ్వుతారని భయం. అందుకని నేనే ముందు నవ్వాను. జాబిర్ కూడా అడిగాడు, "ఇంకో నాలుగు రోజులు ఆగుదామా మేస్త్రీ, చలిగా ఉంది" అని. ఆ మాట రికార్డులో పడలేదు, అంతకు ముందే అన్నాడు. చెయ్యమంటే కిందకి దూరాడు. నన్ను దూరంగా నిలబడమన్నది దుమ్ము పడుతుందనే. ఆ మాట వల్లే నేను బతికి ఉన్నాను. అరగంట తర్వాత బాల్కనీ గోడ దగ్గర విరిగి పడింది.

వాసిఫ్ గారు వచ్చారు. నేను సంతకం పెట్టిన అనుమతి కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నారు. ఇంకో కాగితం నా ముందు పెట్టారు. పనివాడు ఎవరి అనుమతీ లేకుండా తనంతట తానే జాకీలు తీశాడని ఉంది అందులో. సంతకం పెట్టాను. అబూ హైసమ్ వేలిముద్ర వేశాడు. ఆయన ఒక ఇటుక మీద కూర్చుని బూట్లు విప్పి మళ్లీ తొడుక్కున్నాడు, మళ్లీ విప్పాడు. మేం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. నెల తిరక్కుండా నేను ఉద్యోగం మానేశాను. ఆయన జాబిర్ తమ్ముణ్ణి పక్కన పెట్టుకుని ఆరేళ్లు అన్నీ నేర్పాడు, చెప్పలేని ఆ ఒక్కటి తప్ప. ఆ ఒక్క పని దగ్గరికొచ్చేసరికి ఆ తమ్ముడి చేతిలో ఉన్నది, అన్నను చంపిన మాట.

ఆ సాయంత్రమే వాసిఫ్ గారి గదికి వెళ్లాను. జబల్ అమ్మాన్‌లో మూడో అంతస్తు, గోడ మీద కంపెనీ కట్టిన భవనాల ఫొటోలు. మర్కాది లేదు.

"తబర్‌బోర్ బాల్కనీ ఎల్లుండి విప్పొద్దని చెప్పండి," అన్నాను.

"కాంక్రీటు పరీక్షలో నెగ్గింది కదమ్మా. కాగితం వచ్చింది."

"పరీక్షకు పంపిన ముక్కలు ల్యాబులో గోరువెచ్చటి నీళ్లలో ఉన్నాయి. బాల్కనీ చలిగాలిలో ఉంది, అంత తొందరగా గట్టిపడదు."

"నువ్వు వచ్చింది బాల్కనీ చూడటానికి కాదు, మార్కులు వేయడానికి." గొంతు పెంచలేదు ఆయన, ఎప్పుడూ పెంచరు. "వాలు కింద రోడ్డు పనివాళ్లు ఎల్లుండి దిగుతున్నారు. గుమ్మం ముందు జాకీలుంటే కుదరదు. ఖలఫ్‌కి నమ్మకం ఉంది, చేయనీ."

"అతనికి నమ్మకం దేని మీద ఉందో మీకు తెలుసు. నేను నిజం చెప్పేస్తాను."

"చెప్పు. మర్కా అనుమతి కాగితం నా దగ్గరే ఉంది రుబా. నేనేదీ పారేయను. దాని మీద నా సంతకం లేదు."

ఇంత జాగ్రత్తగా దాచిపెట్టిన సమాచారం ఈ కంపెనీలో ఇంకోటి లేదనుకున్నాను. కోపం ఆయన మీద కాదు. ఆయన ఎప్పుడూ ఉన్నట్టే ఉన్నారు.

మర్నాడు మాహిర్‌కి ఫోన్ చేసి పుస్తకంలో ఉన్నదంతా చెప్పాను. నీళ్లు నమిలాడు. "మీరన్నది నిజమే మేడమ్. కానీ సార్ విప్పమన్నారు. నేను వద్దంటే ఖలఫ్ వింటాడా? ఆ మెసేజ్ ఉందిగా. ఆ మెసేజ్ అంటే వాడికి ఖురాన్‌లో ఫాతిహా లాగా." ఆ రోజు నేను ఏ పనీ చేయలేదు. వీధిలో గ్యాస్ సిలిండర్లు అమ్మే బండి పాట వినిపిస్తే దాని వెనకాల దగ్గు వినిపించినట్టయింది. నా నవ్వు మాటిమాటికీ చెవిలో మోగింది. ఎంత తేలిగ్గా నవ్వానో. అంత తేలిగ్గా నవ్వడం మళ్లీ నాకు రాలేదు. ఒకసారైతే అమ్మ పక్కగదిలోంచి పిలిస్తే జాబిర్ పిలిచాడనుకుని లేచి నిలబడ్డాను.

ఇంకో మనిషి ఆ బాల్కనీ కింద పోతే ఏ కాగితం మీద సంతకం పెట్టమంటారో నాకు తెలుసు. ఈసారి ఆ పెన్ను మాహిర్‌కి ఇస్తారు.

ఏడో రోజు పొద్దున ఎనిమిదికే సైటుకి వెళ్లాను. నీళ్ల డ్రమ్ములో పైన మంచు పేరుకుని ఉంది. ఖలఫ్, అతనితో నలుగురు బాల్కనీ ముందు నిలబడి ఫలాఫెల్ రొట్టెలు తింటున్నారు. అబూ హైసమ్ గ్లాసు మెట్ల చివర పొగలు కక్కుతోంది. మాహిర్ దూరంగా, కళ్లజోడు తుడుచుకుంటూ ఉన్నాడు.

ఖలఫ్ చేతులు దులుపుకుని ఫోన్ ఇటుకల మీద పెట్టి నొక్కాడు. దగ్గు. పూచీ నాది. నా నవ్వు. జాబిర్. మనుషులు బిస్మిల్లా అని సుత్తులు అందుకున్నారు. గోడ వైపు మొదటి జాకీ మీద ఒక దెబ్బ పడింది. ఆ జాకీ వదులై పక్కకి ఒరిగింది.

నేను నడిచి వెళ్లి బాల్కనీ కింద, నడిమధ్యన నిలబడ్డాను.

ఖలఫ్ సుత్తి దించాడు. మంచిగానే చెప్పాడు, నవ్వుతూనే చెప్పాడు.

"ఇంజనీరమ్మా, కిందకి రామాకండి. దుమ్ము పడుద్ది."

అతనికి ఆ మాట తన నోట్లోంచి వచ్చాక తెలిసింది. ఫోన్ వైపు చూశాడు, నా వైపు చూశాడు.

"మీ అన్న నాతో అన్న ఆఖరి మాట ఇదే," అన్నాను. "ఆ మెసేజ్ మర్కాది, ఖలఫ్. అది పెట్టిన అరగంటకి ఆ బాల్కనీ అతని మీద పడింది."

నేను ఆపలేదు, ఆపితే మళ్లీ నోరు పెగలదని తెలుసు. చలికాలమని చెప్పాను, జాబిర్ నాలుగు రోజులు ఆగుదామన్నాడని చెప్పాను, మేస్త్రీ వద్దన్నాడని, నేను సంతకం పెట్టానని, తర్వాత ఇంకో సంతకం కూడా నేనే పెట్టానని చెప్పాను. వాసిఫ్ గారి జేబు గురించి కూడా చెప్పాను.

"వాడు అడిగాడా?" అన్నాడు ఖలఫ్.

"అడిగాడు."

"తనంతట తాను పీకలేదా?"

"లేదు. మేమే తీయమన్నాం."

అతను అక్కడే నేల మీద కూలబడ్డాడు. శాలువా తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఏడుస్తాడనుకున్నాను, ఏడవలేదు. శాలువా తీశాక అతని మొహంలో నాకు తెలిసిన మనిషి లేడు.

"మా అమ్మ పోయింది. ఇప్పుడు నేనెవరికి చెప్పను ఇది? చెప్పండి మీరే. ఎవరికి చెప్పమంటారు?"

నేను బాల్కనీ కిందే నిలబడ్డాను.

"వాడి గొంతు కోసం రోజూ విన్నా ఇది. వాడికి ఉరేసిన మాట ముందు విని, తర్వాత వాణ్ణి విన్నా. మా అమ్మకి వినిపించా." లేచాడు. నన్ను కొడతాడేమోనని మాహిర్ ముందుకొచ్చాడు. ఖలఫ్ అతన్ని పక్కకి నెట్టి, వదులైన జాకీ దగ్గరికి వెళ్లి, దాన్ని నిటారుగా నిలబెట్టి తిప్పడం మొదలుపెట్టాడు. "చూస్తారేందిరా, బిగించండి," అన్నాడు మిగతావాళ్లతో. నాతో మాత్రం, "ముందు బయటికి రా," అన్నాడు. మీరు అనడం అప్పుడే మానేశాడు.

మాహిర్ పైకెళ్లి చూసి వచ్చాడు. వదులైన జాకీకి సరిగ్గా పైన, గోడ పక్కన, పెన్సిల్ గీతంత పగులు. ఒక్క జాకీకే. అతను నా ఎదుటే వాసిఫ్ గారికి ఫోన్ చేసి, విప్పడం లేదని, కావాలంటే వేరే ఇంజనీరుని చూసుకోమని చెప్పాడు. చెబుతున్నంతసేపూ కళ్లజోడు ముట్టుకోలేదు.

జాకీలన్నీ బిగిశాక ఖలఫ్ తన ఫోన్ నా చేతిలో పెట్టాడు.

"ఆ ముసలాయన మాట ఎక్కడెక్కడికి పోయిందో నాకు తెలీదు. నేనే ఎంతమందికి పంపానో లెక్క లేదు. ఇప్పుడు నువ్వు చెప్పు. పేరు పెట్టి చెప్పు. ఎక్కడ, ఎప్పుడు, అంతా."

నొక్కి పట్టుకుని మాట్లాడాను. నా పేరు రుబా నబీల్ అన్నాను, ఇంజనీరునన్నాను. అబూ హైసమ్ మేస్త్రీ మెసేజ్‌లో నవ్వినది నేనన్నాను. మర్కా, డిసెంబరు పద్నాలుగు. బాల్కనీకి ఏడు రోజులు చాలవు, చలికాలంలో నెలైనా ఆగండి, తీసేటప్పుడు బయటి అంచు నుంచి గోడ వైపుకి రండి, పాత మెసేజ్ ఎవరి దగ్గరున్నా దీన్ని దాని పక్కనే ఉంచండి. చనిపోయినవాడి తప్పేమీ లేదు, తప్పు మేస్త్రీది, నాది, డైరెక్టర్ వాసిఫ్ గారిది. వేలు తీయబోతుంటే ఖలఫ్ పక్కనుంచి అన్నాడు: "వాడి పేరు చెప్పలా నువ్వు."

చెప్పాను. అతను పంపేశాడు. మెట్ల చివర ఉన్న గ్లాసు తీసి, టీని నేల మీద పారబోసి, గ్లాసు బోర్లించాడు. నాతో ఇంకో మాట మాట్లాడలేదు. ఆ రోజు నుంచి ఈ రోజు వరకూ మాట్లాడలేదు.

వాసిఫ్ గారు మాట నిలబెట్టుకున్నారు. కాగితం బయటికి తీశారు. దాంతోపాటు అది తొమ్మిదేళ్లు తన దగ్గరెందుకుందో కూడా చెప్పుకోవాల్సి వచ్చింది, అది ఆయన ఆలోచించుకోలేదు. కేసు ఇంకా నడుస్తోంది. ఇంజనీర్ల సంఘం నా పేరు రెండేళ్లు జాబితాలోంచి తీసేసింది. అన్యాయమని నేను ఎక్కడా అనలేదు. ఆ కంపెనీకి నేను రాసిన నివేదిక ఎవరూ అడగలేదు. ముప్పై ఒకటో ప్రశ్న దగ్గర 'ప్రమాదాలు లేవు' అన్నది కొట్టేసి, జరిగింది రాశాను, అంతే.

రెండేళ్లు గడిచాక ఒక చిన్న సంస్థ నన్ను తీసుకుంది. మళ్లీ అవే నలభై ప్రశ్నలు. మొన్న శరదృతువులో పక్క ఊరు జర్కాలో ఒక సైటుకి వెళ్లాను. ఆ కంపెనీ వేరు, మనుషులు వేరు, నన్నెవరూ ఎరగరు. సందేహం వస్తే ఎవరిని అడుగుతారన్న పన్నెండో ప్రశ్నకి ఒక సెంట్రింగ్ మేస్త్రీ, నెరిసిన గడ్డం మనిషి, ఫోన్ తీశాడు.

"బాల్కనీ విప్పే ముందు మా కుర్రాళ్లందరికీ ఇది పెడతా మేడమ్. ఇది వినకుండా ఎవడూ సుత్తి ముట్టడు. మా దగ్గరే కాదు, ఉత్తరాన ఇర్బిద్ దాకా పెడతారంట."

నొక్కాడు. ఒక ఆడ గొంతు తన పేరు చెప్పుకుంది.

"ఎవరీమె?" అన్నాను. ఎందుకలా అడిగానో తెలియదు.

"ఎవరో ఇంజనీరమ్మ. పోయుంటది పాపం, అల్లా కరుణించాలి. తన తప్పు తానే పేరు పెట్టి చెప్పుకుందంటే, పోయే ముందు చెప్పిందేలే." గడ్డం నిమురుకున్నాడు. "కానీ ఆ జాబిర్ అనేవాడు బంగారం. వాడి తప్పు ఆవగింజంత లేదు. అది మాత్రం ఇక్కడ అందరికీ తెలుసు."

నేను బతికే ఉన్నానని చెప్పలేదు. చివరి ముక్క ఇంకోసారి పెట్టమన్నాను. పెట్టాడు. గాలి హోరు, ఎవరో సుత్తి కింద పడేసిన చప్పుడు, పక్కనుంచి ఖలఫ్ గొంతు: వాడి పేరు చెప్పలా నువ్వు. తర్వాత నేను, జాబిర్ అని. ఆ మేస్త్రీ ఫోన్ జేబులో పెట్టుకుని తర్వాతి ప్రశ్న ఏంటని అడిగాడు.